పడుకోబెట్టనన్న డాక్టరు

ఆ పాపని ఇంటిల్లిపాదీ వసపిట్ట అనే పిలిచేవారు. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు నోరు మూసేది కాదు. వాళ్ళ నాన్న స్కూలు వ్యాను నడుపుతాడు. ముందు సీటులో ఆయన పక్కనే కూర్చుని, ఎక్కే ప్రతి పిల్లకీ ఆరిందాలా ఏదో ఒకటి చెప్పేది. నీ బూటు లేసు ఊడింది చూసుకో. నిన్న నీళ్ళ సీసా సీటు కింద వదిలేశావు. ఇవాళ లెక్కల టీచర్ రారట, నాకు తెలుసు. "ఇది నోరు విప్పాక నా వ్యానుకి హారన్ అవసరం లేకపోయింది" అని తండ్రి నవ్వేవాడు.

అలాంటి పిల్ల కొన్ని వారాలుగా మాట తగ్గించింది. ముందు మామూలు దగ్గే అన్నారు. తర్వాత ఉబ్బసం అన్నారు. వీధి చివరి డాక్టరు ఆవిరి పట్టించమని మందు రాసిచ్చాడు. ఆ తర్వాత పిల్ల, పడుకుంటే ఊపిరి ఆడటం లేదంది. తల్లి తల కింద ఇంకో దిండు పెట్టింది, దాని మీద ఇంకోటి. చివరికి దిండ్లతో పని లేకపోయింది. పిల్ల మంచం మీద కూర్చుని, ఒక దిండుని ఒళ్ళో పెట్టుకుని, దాని మీదికి వాలి కునికిపాట్లు పడటం మొదలుపెట్టింది. తల కాస్త జారగానే ఉలిక్కిపడి లేచేది. తల్లి పక్కనే గోడకి చేరబడి, కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తూ ఉండేది.

స్నానం చేయిస్తుంటే మెడ మీద గోలీకాయల్లాంటి గడ్డలు ఆవిడ చేతికి తగిలాయి. ఆ రోజే తండ్రి వ్యాను తాళాలు ఇంకొకరికి అప్పజెప్పి, కూతుర్ని చంకనెత్తుకుని పెద్దాసుపత్రికి తీసుకొచ్చాడు. అక్కడ ఎక్స్‌రే తీశారు. ఆ ఫిల్ము చూసినవాళ్ళు తల్లిదండ్రుల మొహం చూడకుండానే, పిల్లల క్యాన్సర్ వార్డుకి పంపించేశారు.

మత్తు డాక్టరుకి కబురు వెళ్ళేసరికి ఆవిడ ఆపరేషన్ గదిలో వేరే పిల్లాడిని నిద్ర లేపుతోంది. ఆ వార్డు పిల్లలకి మత్తివ్వడం ఆవిడ పని. వెన్నులోకి మందు ఎక్కించాలన్నా, ఎముకలోంచి మూలుగ తీయాలన్నా, రేడియేషన్ బల్ల మీద కదలకుండా పడుకోవాలన్నా, అంత చిన్న ప్రాణాలు మెలకువగా ఉండి భరించలేవు. ఆవిడ వచ్చి నిద్రపుచ్చేది, పని కాగానే లేపేది. పిల్లలు ఆవిడకి నిద్ర డాక్టరని పేరు పెట్టుకున్నారు. మిగతా డాక్టర్లు వస్తుంటే బిక్కచచ్చిపోయే తల్లులు కూడా, ఆవిడ మొహం కనబడితే కాస్త తెరిపిన పడేవారు.

ఫోన్ చేసింది కొత్తగా చేరిన సర్జన్. "మేడమ్, మెడలో గడ్డ ఒకటి తీసి పరీక్షకి పంపాలి. చిన్న పని. పాపకి పొద్దున్నుంచి ఏమీ పెట్టలేదు. మీరు వచ్చి మత్తిస్తే ఇట్టే అయిపోతుంది."

"స్కాన్ చూశారా?"

"స్కాన్ తీయలేకపోయాం మేడమ్. వెల్లకిలా పడుకోలేకపోతోంది."

ఆవిడ చేతిలో ఉన్న పని పక్కవాళ్ళకి అప్పజెప్పింది. "నేను వచ్చేదాకా ఆ పాపని మంచం మీంచి కదపకండి" అంది.

వసపిట్ట కిటికీ పక్క మంచం మీద దిండుని కావలించుకుని, ముందుకు వంగి కూర్చుని ఉంది. ముక్కుకీ నోటికీ ఆక్సిజన్ మాస్కు. మొహం ఉబ్బింది, మెడ నరాలు తాళ్ళలా పైకి తేలాయి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతోంది. తల్లి వీపు రాస్తోంది. తండ్రి కూతురి చెప్పులు చేత్తో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తోచనట్టు నిలబడ్డాడు.

డాక్టరు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది, తన మొహం పాప మొహానికి సమంగా వచ్చేట్టు.

"నువ్వేనా... నిద్ర డాక్టర్?" అంది పాప. ఆ మూడు మాటలకీ మధ్యలో ఆగి గాలి పీల్చుకుంది.

"నేనే. నీకెవరు చెప్పారు?"

"పక్క మంచం... అన్నయ్య." మళ్ళీ ఊపిరి. "నన్ను పడుకోబెడతావా... ఆంటీ? చాలా... నిద్రొస్తోంది."

తల్లి అందుకుంది. "పొద్దున్నుంచి అదే చెప్తున్నానండీ దీనికి. డాక్టరమ్మ వస్తారు, హాయిగా నిద్రపుచ్చుతారు, లేచేసరికి అంతా అయిపోతుందని. ఆ ఒక్క మాట పట్టుకునే ఇంతసేపూ ఓర్చుకుంది."

డాక్టరు ఇంకాస్త దగ్గరికి జరిగింది. పాప వీపు వెనక చెయ్యి పెట్టి, "నా చేతి మీదికి కొంచెమే, ఇంత, వెనక్కి వాలతావా? వద్దంటే వెంటనే లేపేస్తాను" అంది. పాప వాలింది. సగం కూడా వాలలేదు, కళ్ళు పెద్దవయ్యాయి, రెండు చేతులూ గాల్లో దేనికోసమో వెతికాయి, పెదవుల రంగు మారింది. డాక్టరు చటుక్కున లేపి కూర్చోబెట్టి, పాప తలని తన భుజం మీదికి తీసుకుంది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అది సర్దుకునేదాకా ఆవిడ అలాగే ఉండిపోయింది.

వార్డు చివర గాజు తలుపుల గదిలో ముగ్గురు డాక్టర్లూ ఎక్స్‌రే ముందు నిలబడ్డారు. వార్డు మొత్తానికీ పెద్ద అయిన క్యాన్సర్ డాక్టరుని అందరూ పెద్దాయన అంటారు. ఆయన వేలితో చూపించాడు. ఛాతీ మధ్యలో, గుండె మీదుగా, తెల్లగా పెద్ద ముద్ద. దాని వెనకెక్కడో గాలిగొట్టం నలిగిపోయి సన్నటి గీతలా కనబడుతోంది.

"స్టెరాయిడ్ మొదలుపెడితే ఈ ముద్ద కరగొచ్చు" అన్నాడు పెద్దాయన. "కానీ ముందు దీని ముక్కో, కణాలో చేతికి రావాలి. ఇలాంటివి రెండు మూడు రకాలున్నాయి, దేని మందు దానిదే. పేరు తెలియకుండా కరిగించేస్తే ఆ తర్వాత నేను చీకట్లో బాణాలు వెయ్యాలి."

"మేడమ్ మత్తిచ్చి గొంతులో గొట్టం వేస్తే..." అన్నాడు సర్జన్.

"నా గొట్టం ఎక్కడిదాకా వెళ్తుంది?" అంది మత్తు డాక్టరు. "ముద్ద నొక్కుతున్నది దానికన్నా కిందన. ఇప్పుడు ఆ పిల్ల ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని, కూర్చుని, ముందుకు వంగి, తన గాలిగొట్టాన్ని తనే తెరిచి ఉంచుకుంటోంది. నేను నిద్రపుచ్చానంటే ఆ బలం సడలుతుంది. ముద్ద బరువంతా దాని మీద పడుతుంది. అప్పుడు నేను బయటినుంచి ఎంత గాలి కొట్టినా లోపలికి పోదు."

"మరెలా?"

"మెలకువలోనే చెయ్యాలి. కూర్చోబెట్టి."

సర్జన్ ఆవిడ వంక చూశాడు. ఏడేళ్ళ పిల్ల.

తల్లిదండ్రులకి చెప్పాల్సిన పని ఆవిడే తీసుకుంది. మంచం చుట్టూ తెర లాగి, తెరకి ఇవతల నిలబెట్టి, గొంతు తగ్గించి చెప్పింది. తండ్రి నేల చూపులు చూస్తూ తల ఊపుతూ పోయాడు. తల్లి మాత్రం ఒప్పుకోలేదు.

"అంటే దాని మెడ మీద కత్తి పెడతారు, అది చూస్తూ కూర్చోవాలి, అంతేనా?"

"తిమ్మిరెక్కడానికి మందు పూస్తామమ్మా. పైన నొప్పి పెద్దగా తెలియదు. కానీ భయం తెలుస్తుంది, ఒత్తిడి తెలుస్తుంది. అది నేను తీసెయ్యలేను."

"తీసెయ్యలేరా, తీసెయ్యరా? నిద్రపుచ్చడమే కదండీ మీ పని? వార్డులో అందరి పిల్లల్నీ పుచ్చుతున్నారు. నా పిల్ల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తారా? ఎన్నాళ్ళయిందో తెలుసా అది నడుం వాల్చి? మీరొస్తారు, నిద్రపోతావు అని నేను దానికి మాటిచ్చానండీ!"

"అమ్మా..."

"కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను." నిజంగానే వంగింది. డాక్టరు ఆవిడ భుజాలు పట్టుకుని ఆపింది. ఆపుతూ, ఇంక మెత్తగా చెప్పి లాభం లేదనుకుని అనేసింది:

"ఇప్పుడు నిద్రపోతే పాప మళ్ళీ లేవదమ్మా."

తల్లి చేతులు జారిపోయాయి. తెరకి అవతల ఆక్సిజన్ బుసబుస తప్ప ఇంకే చప్పుడూ లేదు.

మెడ మీద పూసిన మందు పనిచేసేదాకా ఆగి, సర్జన్ సన్నటి సూదితో మొదలుపెట్టాడు. తల్లి పాప చేతులు పట్టుకుంది. తండ్రి కాళ్ళు పట్టుకున్నాడు. పాపకి ఏం చేస్తున్నారో డాక్టరు ముందే చెప్పింది, ఒక్క అబద్ధం కూడా కలపకుండా. పాప ఓర్చుకుందామనే చూసింది. కానీ సూది లోపల గడ్డకి తగలగానే తల విదిలించింది, దగ్గు ముంచుకొచ్చింది, మాస్కు పక్కకి తప్పుకుంది. మంచం పక్కన మిషన్ మీద ఆక్సిజన్ అంకెలు పడిపోవడం మొదలైంది. అరవడానికి నోరు తెరిచింది గానీ అరుపు రాలేదు. అరవడానికి కూడా గాలి లేదు.

"ఆపండి" అంది డాక్టరు.

సూదిలో ఏమీ రాలేదు. పాప పెదవులకి రంగు తిరిగొచ్చేసరికి సర్జన్ నుదుట చెమటలు కారుతున్నాయి. అతను కుర్రాడు, తన చేతి నేర్పు మీద నమ్మకమున్నవాడు, సూదిని ట్రేలో పెట్టేశాడు. "నా వల్ల కాదు మేడమ్" అన్నాడు చిన్నగా. "ఇలా కదులుతుంటే పక్కనే రక్తనాళం ఉంది. మళ్ళీ గుచ్చలేను."

పెద్దాయన గడియారం చూడలేదు గానీ, చూసినట్టే నిట్టూర్చాడు. ఇంకాసేపట్లో ఏదీ తేలకపోతే స్టెరాయిడ్ గుడ్డిగానే మొదలుపెట్టాలి. పిల్ల అలిసిపోతోంది. ఊపిరి తీయడం కూడా ఒక పనే. ఆ పని రోజుల తరబడి నిద్రలేకుండా చేసిన పిల్ల, ఏ క్షణాన్నయినా చెయ్యలేక వదిలేస్తుంది. అది ముగ్గురికీ తెలుసు.

మత్తు డాక్టరు పాప వెనక కూర్చుని వీపు మీద చెవి ఆనించింది. ఒక పక్క కింద గాలి చప్పుడు వినబడటం లేదు. వేళ్ళతో తట్టి చూసింది. "ఇక్కడ నీళ్ళున్నాయేమో చూడండి" అంది. సర్జన్ పరుగెత్తుకెళ్ళి చిన్న అల్ట్రాసౌండ్ మిషన్ తోసుకొచ్చాడు. తెర మీద ఊపిరితిత్తి చుట్టూ నల్లగా నీటి పొర కనబడింది.

"ఉన్నాయి మేడమ్!" అన్నాడు, లాటరీ తగిలినవాడిలా. "బాగానే ఉన్నాయి."

"ఆ నీళ్ళలో కణాలుంటే నాకు చాలు" అన్నాడు పెద్దాయన. "గడ్డ జోలికి పోనక్కర్లేదు."

వీపులోంచి తీయాలి. దానికి ముందుకు వంగి కూర్చోవడమే కావాలి, పాప ఎలాగూ అలాగే ఉంది. వీపు మీద కూడా తిమ్మిరి మందు పూసి, దిండు తీసేసి తల్లిని మంచం మీద ఎదురుగా కూర్చోబెట్టారు. పాప తల్లి మెడ చుట్టూ చేతులు వేసి వాలింది. సర్జన్ వెనక నిలబడ్డాడు. మత్తు డాక్టరు మాస్కుని ఒక చేత్తో పట్టుకుని పక్కన మోకరిల్లింది. రెండో చేతిలో, ప్రాణం మీదికొస్తే చివరి ప్రయత్నంగా గొట్టం వెయ్యడానికని, ఒక సిరంజి. తల్లి చూపు దాని మీద పడింది.

"అది మత్తుమందేగా" అంది కూతురి భుజం మీదుగా, పెదాలు కదిలీ కదలకుండా. "ఒక్క చుక్క. ఒక్క చుక్క పొయ్యండి. దీనికి తెలియకుండా ఉంటే చాలు."

"ఒక్క చుక్కకి ఎంత లోతుకి జారిపోతుందో ఇవాళ నాకు తెలియదమ్మా."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు. ఏ పిల్లకి ఎంత మందు, ఎంతసేపు అన్నది ఆవిడకి వేళ్ళ చివర ఉండేది. ఆ నొప్పిని తీసేసే మందు అరచేతిలో పట్టుకుని, దాన్ని ఇవ్వకుండా ఆ పిల్ల మొహంలోకి చూస్తూ కూర్చోవడం ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

సూది దిగింది. పాప ఒళ్ళు బిగుసుకుపోయింది. తల్లి మెడ మీద గోళ్ళు దిగబడ్డాయి. తల్లి ఇంకా దగ్గరికి పొదువుకుంది. కూతురి చెవి దగ్గర ఏదో మొదలుపెట్టింది, వ్యానులో పిల్లల పేర్లు, ఎవరు ఎక్కడ ఎక్కుతారో, ఎవరి బూటు లేసు ఊడిందో, గుక్క తిప్పుకోకుండా. ఒక పేరు తప్పు చెప్పింది. పాప తల అడ్డంగా ఊపింది. కాళ్ళ దగ్గర తండ్రి మొహం తిప్పుకుని గోడకేసి చూస్తూ, శబ్దం లేకుండా ఏడుస్తున్నాడు.

లేత పసుపు రంగు నీళ్ళు సిరంజిలోకి వచ్చాయి. ఒకటి నిండాక ఇంకోటి. సర్జన్ సూది తీసి బ్యాండేజీ అంటించేసరికి పాప ఊపిరి వేగం ఒక పిసరు తగ్గింది.

సాయంత్రానికి ల్యాబ్ నుంచి పేరు తెలిసింది. అది రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్. ఉధృతమైనదే గానీ మందుకి లొంగే అవకాశమున్నది. మందు అప్పుడే మొదలుపెట్టారు. ముద్ద ఒక్కసారిగా కరిగితే ఆ చెత్తంతా కిడ్నీల మీద పడుతుందని రెండు పక్కలా సెలైన్లు పెట్టి, రక్తపరీక్ష మీద రక్తపరీక్ష చేశారు. గాల్లో దీపంలాంటి ఆ రోజులు ఎలా గడిచాయో తల్లికి తర్వాత గుర్తే లేదు. కానీ ముద్ద కరిగింది. మెడ నరాలు దిగాయి. మొహం వాపు తీసింది. పాప వెనక్కి వాలగలుగుతోంది. మాస్కు తీసేశారు.

అయినా పాప నిద్రపోవడం లేదు.

"స్టెరాయిడ్ పడితే పిల్లలకి నిద్ర సరిగా పట్టదు, చిరాకు కూడా" అన్నారు నర్సులు. మొదట అందరూ అదే అనుకున్నారు. కానీ ఆ పిల్లది నిద్ర పట్టకపోవడం కాదు. రెప్పలు వాలిపోతుంటే లేచి కూర్చునేది. తన చెయ్యి తనే గిల్లుకునేది. మోచేతి దాకా కమిలిన మచ్చలు. తండ్రిని కబుర్లు చెప్పమని సతాయించేది. ఆయన పాపం నోట్లో నాలుక లేని మనిషి, తనకి తెలిసిన కబుర్లన్నీ అయిపోయి, వ్యాను టైర్లు ఎలా మార్చాలో కూడా చెప్పేశాడు. ఆయన ఒక్క క్షణం ఆగితే పాప గట్టిగా ఏడ్చేది. కళ్ళు గుంటలు పడ్డాయి. ఏదైనా తినిపిస్తే నములుతూ నములుతూ తూలేది, మళ్ళీ భయంగా కళ్ళు విప్పేది. ఇలా ఉండగా, మర్నాడే వెన్నులోకి మొదటి మందు ఎక్కించాలి, దానికి మత్తివ్వాలి.

తల్లి ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుని మత్తు డాక్టరు కోసం కాపు కాసింది. ఆవిడ బయటికి రాగానే లేచి నిలబడింది.

"మీరు ఆ రోజు ఒక మాటన్నారు, గుర్తుందా? తెర ఇవతల."

డాక్టరుకి గుర్తుంది.

"అది విన్నదండీ. నిద్రపోతే లేవనని డాక్టరాంటీ చెప్పిందమ్మా, నన్ను పడుకోనివ్వకు అంటోంది. ఇవాళే చెప్పింది నాతో. ఇన్నాళ్ళూ మాకు చెప్తే ఏడుస్తామని కడుపులో పెట్టుకుంది." తల్లి వార్డు వైపు చెయ్యి చూపించింది. "నేను పడుకోమంటే, నేను చచ్చిపోవాలా అని అడుగుతోంది. నా కూతురు నన్ను అలా చూస్తోందండీ. ఆ మాట మీరే దాని బుర్రలో పెట్టారు. మీ నోటితో మీరే తీసెయ్యండి."

డాక్టరు గౌను కూడా విప్పకుండా, పాప పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే తీసుకుని వార్డుకి నడిచింది. వసపిట్ట ఆవిడని చూడగానే దుప్పటి లాక్కుని మంచం మూలకి జరిగిపోయింది.

"నాకు నిద్ర రావట్లేదు."

"నేను పడుకోబెట్టడానికి రాలేదు."

"అబద్ధం. రేపు మత్తిస్తారట. నర్సాంటీ చెప్పింది."

"అది నిజమే. రేపిస్తాను. ఇప్పుడు వేరే పని మీద వచ్చాను." డాక్టరు మంచం చివర కూర్చుంది. "నువ్వు విన్నది నిజమే. ఆ మాట నేనే అన్నాను. ఆ రోజు అది నిజం. నీ ఛాతీలో అప్పుడు పెద్ద గడ్డ ఉంది. నువ్వు పడుకుంటే అది నీ గాలిగొట్టం మీద కూర్చునేది. అందుకే నువ్వెంత అడిగినా పడుకోబెట్టలేదు. చాలా కష్టపెట్టాను నిన్ను."

పాప కళ్ళార్పకుండా చూసింది. "ఇప్పుడు... కూర్చోదా?"

"కరిగిపోయింది. ఇదిగో చూడు." తనతో తెచ్చిన రెండు ఎక్స్‌రేలూ కిటికీ వెలుగులో పక్కపక్కన పట్టుకుని చూపించింది. పాప చాలాసేపు చూసింది. గాలిగొట్టాన్ని తనే కనిపెట్టింది. కానీ చివరికి తల అడ్డంగా ఊపింది.

"ఫోటో నాది కాదేమో."

తల్లి అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు ఎక్స్‌రేలు పక్కన పెట్టింది. పిల్ల తప్పేమీ లేదు. ఒకసారి పడుకోబెడతామని చెప్పి పడుకోబెట్టలేదు. మెడలో నొప్పి ఉండదని ఎవరో అన్నారు, ఉంది. ఇప్పుడు ఎక్స్‌రే చూపిస్తే ఎందుకు నమ్మాలి?

"సరే, ఒక పని చేద్దాం" అంది చివరికి. "మందు వద్దు, సూది వద్దు. నువ్వు ఊరికే కళ్ళు మూసుకో. నిద్ర వస్తే రానీ. నా చెయ్యి నీ గుండె మీదే ఉంటుంది. నీ ఊపిరి నేను చూసుకుంటాను. నువ్వు కొంచెంసేపు పడుకోగానే నేనే లేపుతాను. లేపకపోతే అప్పుడు నన్ను నమ్మకు."

"లేపకపోతే నేను చచ్చిపోతానుగా. అప్పుడు నమ్మకపోతే ఏంటి?"

డాక్టరు నవ్వబోయి ఆగిపోయింది. "నీ మాట కరెక్టే" అంది. "అయితే ముందు నన్ను చూడు. నేను పడుకుంటాను. నువ్వు లేపు."

అని, ఆవిడ నిజంగానే ఆ ఇరుకు మంచం మీద కాళ్ళు ముడుచుకుని పడుకుని కళ్ళు మూసుకుంది. పక్క మంచం అబ్బాయి కిసుక్కున నవ్వాడు. పాప ఆవిడ ఛాతీ మీద చెయ్యి పెట్టింది. కాసేపు చూసి, "లే!" అంది. ఆవిడ లేచింది. "మళ్ళీ" అంది పాప. మళ్ళీ పడుకుంది. ఎన్నిసార్లు లేపిందో, చివరి రెండుసార్లూ పాప చేతి బరువు పెరుగుతూ వచ్చింది. డాక్టరు కళ్ళు తెరిచి చూస్తే పాప కూర్చునే తూగుతోంది.

"ఇప్పుడు నీ వంతు" అంది డాక్టరు మెల్లగా.

పాప పడుకుంది, డాక్టరు వేలు గట్టిగా పట్టుకుని. రెప్పలు వాలాయి, తెరుచుకున్నాయి, మళ్ళీ వాలాయి. ఊపిరి సమంగా సాగింది. ఇన్ని రోజుల నిద్ర ఆ చిన్న ఒంటి మీద ఒక్కసారిగా విరుచుకుపడింది. తల్లి చేతులు జోడించింది, లేపొద్దని. చాలా కష్టంగా వచ్చిన నిద్ర. ఎవరికైనా లేపబుద్ధి కాదు. కానీ మాటిచ్చింది. డాక్టరు వంగి, పాప భుజం తట్టి పిలిచింది. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. పాప కళ్ళు విప్పి, ఎక్కడున్నానో అన్నట్టు చూసి, ముందు తన గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది.

"లేపావు" అంది.

"లేపాను."

మర్నాడు ప్రొసీజర్ గదిలోకి తల్లిని కూడా రానిచ్చింది డాక్టరు. పాప బల్ల మీద పడుకుని, పాలలా తెల్లగా ఉన్న మందుని సిరంజిలో చూసింది. "ఎవరు లేపుతారు?" అని అడిగింది. "నేనే" అంది డాక్టరు. పాప తల్లి వంక కూడా ఒకసారి చూసింది, సాక్ష్యం కోసమన్నట్టు. మందు వెళ్తుంటే భయంతో పిడికిళ్ళు బిగించింది. రెప్పలతో పోట్లాడింది. తర్వాత పిడికిళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి. తల్లి బయటికి నడిచింది.

పక్కకి తిప్పి, వీపు వంచి, పెద్దాయన వెన్నులోకి మందు ఎక్కించాడు. ఆ కాసేపూ మత్తు డాక్టరు కళ్ళు పాప ఛాతీ మీంచి కదల్లేదు. ఒకసారి గురక మొదలై, మిషన్ మీద అంకె ఒకటి తగ్గింది. ఆవిడ ముందుకు వంగింది. గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి పైకి లేపింది. గురక ఆగింది. అంకె మళ్ళీ పైకెళ్ళింది. సూది బయటికొచ్చేదాకా ఆవిడ ఆ వేళ్ళు తీయలేదు.

లేవాల్సిన వేళకి పాప లేవలేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఊపిరి, నాడి, రంగు. మందు దిగిపోయింది. అది మత్తు కాదు, ఒట్టి నిద్ర. తలుపు అద్దంలోంచి తల్లి మొహం కనబడుతోంది, నెత్తురు చుక్క లేకుండా. డాక్టరు ఆవిడని లోపలికి పిలిచి, ఆవిడ ముందే పాప చెంప తట్టింది. చెవి దగ్గర పిలిచింది. ఒళ్ళు కదిపింది. చాలాసేపటికి పాప చిరాగ్గా మొహం ముడిచి, కళ్ళు సగం తెరిచింది.

"లేచావా? చూడు, లేపాను."

"అబ్బా... తెలుసు" అంది పాప, అటు తిరిగి పడుకుంటూ. "పో ఆంటీ. ఇంకాసేపు."

తల్లి నేల మీద కూలబడింది. ఏడవలేదు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. డాక్టరు పక్కన వచ్చి నిలబడితే, తల ఎత్తకుండానే చెప్పింది.

"మీ మీద కోపం ఇంకా పోలేదు నాకు."

"పోనక్కర్లేదమ్మా."

"ఇంకా ఎన్నాళ్ళు ఇలా?"

పెద్దాయన చెప్పిన లెక్క ఇద్దరికీ తెలుసు. ఏళ్ళు. జుట్టు ఊడాలి, జ్వరాలు రావాలి, వెన్నులో ఇలాంటి సూదులు ఎన్నో పడాలి. అన్నీ అయ్యాక కూడా ఆయన మాట ఇవ్వలేదు, అవకాశముంది అన్నాడు, అంతే. డాక్టరు ఆ అవకాశాన్ని పెంచి చెప్పలేదు, తగ్గించి చెప్పలేదు. "చాలా రోజులు" అంది.

బయటినుంచి నర్సు తలుపు తోసి, తర్వాతి బాబు ఆకలికి గోల పెడుతున్నాడని చెప్పింది. డాక్టరు పాప వేలికి ఉన్న క్లిప్పు ఒకసారి సరిచేసి, తల్లికి స్టూలు దగ్గరికి జరిపి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.